జ్వరంలో పోయిందన్న పురుగు

నా కుడిచేతి మీద ఏడేళ్లుగా ఒక అబద్ధం కూర్చుని ఉంది. బరువైనదే. ఆ చేత్తోనే అన్నం తింటున్నాను, బోర్డు మీద రాస్తున్నాను, బజారుకు పోతే బెండకాయలు ఏరుకుంటున్నాను. ఎవరికీ కనపడలేదు. పైగా ఆ చెయ్యి చాలా మంచిదని మా బంధువుల్లో పేరు. మావాళ్లు బీర గింజలు పెట్టినా, ఆవకాయ కలిపినా మొదటి పిడికెడు నేనే వెయ్యాలి. నవ్వకండి. సరే, నవ్వితే నవ్వండి, నాకూ సగం నవ్వే వస్తుంది. మిగతా సగం బయటికి రావడానికే ఇన్నేళ్లు పట్టింది.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. తిరుపతిలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాకు గొంగళి పురుగుల పిచ్చి. సీతాకోకచిలుకల పిచ్చి అంటే అదొక మర్యాదైన పిచ్చి, ఎవరికైనా చెప్పుకోవచ్చు. నాది దీపాల చుట్టూ తిరిగే ఆ రెక్కల పురుగుల పిల్లల మీద పిచ్చి. ఇలాంటి వాళ్లం పన్నెండు మందిమి ఊళ్లో ఎలాగో ఒకరికొకరం దొరికాం, ఫోనులో గ్రూపు పెట్టుకున్నాం. రిటైరైన లెక్కల మాస్టారొకాయన దానికి పెద్ద.

ఆదివారం పొద్దున్నే కొండ అంచుల్లో తిరుగుతాం. ఆకులు తిరగేస్తాం. కనపడిన పురుగును ఫోటో తీసి, అది దేని పిల్లో తేల్చడానికి వారమంతా కొట్టుకుంటాం. బొచ్చుందా, తోక మీద కొమ్ముందా, పొట్ట కింద ఎన్ని జతల కాళ్లు, అన్నిటికన్నా ముందు ఏ చెట్టు ఆకు తింటోంది. అప్పటికీ తేలకపోతే ఒకటే దారి. డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చి, అదే ఆకు మేపి, రెక్కలొచ్చేదాకా పెంచాలి. మా ఇంట్లో స్వీటు డబ్బాల మూతలన్నిటికీ చిల్లులే. మైసూర్‌పాక్ ఉందేమోనని ఆశగా ఒక డబ్బా తెరిచిన మా ఆయన, మునగ చెట్టు బొచ్చు పురుగును చూసి, "ఈ ఇంట్లో నాకింక తీపి తినే రాత లేదు" అని మూత పెట్టేశారు.

ఇక మా వదిన. మా అన్న భార్య, పేరు రాజేశ్వరి. వాళ్లూ ఉండేది తిరుపతిలోనే. ఆమెది పలమనేరు దగ్గర పల్లె, పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఆ ఇళ్లలో పురుగుకు జరిగే మర్యాద అల్లుడికి కూడా జరగదు. కాళ్లు చేతులు కడుక్కోకుండా పురుగుల పాకలోకి పోకూడదు. పక్కన అగరొత్తి వెలిగించకూడదు, పోపు ఘాటు తగలకూడదు. పురుగు చర్మం మార్చుకోవడాన్ని వాళ్లు జ్వరం అంటారు. పురుగు జన్మకు నాలుగు జ్వరాలు. జ్వరం రాగానే మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు దాన్ని కదిలిస్తే పోతుంది. ఏ పురుగు ఎవరి చేతిలో జ్వరం దాటింది, ఎవరి చేతిలో పోయింది అనేదాన్ని బట్టి ఆ ఇంట్లో మనిషి హస్తవాసి లెక్కగడతారు.

వదిన పదో తరగతితో ఆపేసింది. ఆమె దగ్గర ఉన్నది బటన్ ఫోను, కాబట్టి మా గ్రూపులో లేదు. ఊరికే నా తోడు వచ్చేది. మేమంతా మెడలు నొప్పి పుట్టేలా కొమ్మల్లోకి చూస్తుంటే ఆమె మాత్రం నేల చూసుకుంటూ నడిచేది. "పైకేం సూస్తావు మే, కింద పెంట సూడు. పెంట ఉంటే పైన పురుగుంటాది" అనేది. అన్నట్టే ఉండేది. ఆదివారం మేము పది పురుగులు చూస్తే ఏడు ఆమె చూపించినవే. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కదా, ఆ అర్ధమొగుడి హోదాలో నేను ఆ ఏడింటినీ నా ఫోనుతో ఫోటో తీసి నా పేరుతోనే పెట్టేదాన్ని. ఇదొక తప్పా అంటారేమో. నేను ఒప్పుకోవాల్సింది ఇది కాదు. ఇది అలవాటు, అంతే. అసలుది దీని మీదే మొలిచింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చంద్రగిరి కోట వెనక కొండ దారిలో ఒక గుంపెన మాను కింద వదిన ఆగింది. కింద పెంట. పైన ఒకే కొమ్మ మీద రెండు రకాల పురుగులు. కొన్ని చిన్నవి, ఇటుక రంగువి, ఒంటి నిండా చిన్న చిన్న బుడిపెలు. ఇంకొన్ని కాస్త పెద్దవి, మంచి పచ్చనివి. పుస్తకంలో ఆ పచ్చదాని బొమ్మ నేను చూసి ఉన్నాను. ఇటుక రంగుది ఎక్కడా చూడలేదు. "రెండు జాతులు! ఒకటి మన దగ్గర ఎవరూ చూడనిది!" అని అరిచాను.

వదిన ఇటుక రంగు పురుగునొకదాన్ని దగ్గరగా చూసి, "రెండూ ఒకటే మే. ఇది జ్వరంలో ఉండాది. జ్వరం దాటినాక రంగు మారతాది. మా పట్టుపురుగు మాత్రం? పుట్టినప్పుడు చీమ మాదిరి నల్లగా ఉండి తెల్లగయ్యేది సూడలేదా?" అంది.

చూశాను. పుస్తకంలో చదివాను కూడా, పిల్లలకు పాఠమూ చెప్పాను. కానీ ఆ క్షణాన నాకు పాఠం గుర్తు రాలేదు, కొత్త జాతి ఒకటే గుర్తుంది. ఇంటికి పోయేలోపే గ్రూపులో రెండు ఫోటోలు పెట్టి, రెండు జాతులని రాశాను. అంతటితో ఊరుకున్నానా? "మా వదిన మాత్రం దీనికి జ్వరం తగిలిందంటోంది, మాత్ర వెయ్యమంటారా?" అని కింద ఒక ముక్క చేర్చాను. పన్నెండు మందీ పగలబడి నవ్వారు. ఒకాయన థర్మామీటరు బొమ్మ పెట్టాడు. నాకు భలే సంతోషం. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వేడెక్కుతున్నాయి.

వదినకు ఆ నవ్వుల సంగతి తెలియదు. వాళ్లమ్మకు కంటి ఆపరేషనని మర్నాడే పలమనేరు పోతూ, కొమ్మతో సహా విరిచి తెచ్చిన ఇటుక రంగు పురుగును నా చేతిలో పెట్టింది. "నా మాట నమ్మొద్దులే. నీ కండ్లతో నువ్వే సూడు. లేత ఆకు పెట్టు. జ్వరంలో ఉన్నంతసేపు ముట్టద్దు" అంది. చూడండి, ఎంత న్యాయమైన మనిషో.

రెండో రోజు పొద్దున డబ్బా తెరిచాను. పాత చర్మం ఒక పక్క ముడుచుకుని పడి ఉంది. దాని పక్కన పచ్చటి పురుగు, కొత్త చొక్కా వేసుకున్న పెండ్లికొడుకులాగా ఆకు నములుతోంది. నేను కూలబడ్డాను. పురుగును చూసి సంతోషించాలి కదా? ఒక టీచరు సంతోషించాలి కదా? నాకు గుర్తొచ్చింది థర్మామీటరు. ఇప్పుడు గ్రూపులో ఏమని రాయాలి? పదో తరగతి చదివిన మా వదినది రైటు, జీవశాస్త్రం చెప్పే నాది తప్పు అని రాయాలా? రాయొచ్చు. ఒక్క వాక్యం. ఆ వాక్యం టైపు చేసి, చెరిపి, మళ్లీ టైపు చేసి, మళ్లీ చెరిపి, బడికి ఆలస్యమవుతోందని సాకు చెప్పుకుని లేచిపోయాను.

ఆ సాయంత్రమే వదిన ఫోన్ చేసింది. ఆ మాటలు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా నాకు గుర్తున్నాయి.

"ఎట్లుండాది మే నా పురుగు? రంగు మారిందా?"

"సచ్చిపోయింది వదినా" అన్నాను. ఎలా వచ్చిందో నాకే తెలియదు, నోట్లోంచి జారింది. జారినదాన్ని పట్టుకుని వెనక్కి లాగొచ్చు. నేను ఇంకొంచెం ముందుకు తోశాను. "జ్వరంలోనే పోయింది."

అవతల వాళ్లింటి ఆవు అరవడం వినపడింది.

"నువ్వేమైనా కదిలిస్తివా?"

"లేదు వదినా, నేను ముట్టనే లేదు."

"అట్లయితే నా చెయ్యే. నేనే గదా తుంచి తెచ్చింది. మా అమ్మ ఎప్పుడో అనింది, నీ చెయ్యి సల్లని చెయ్యి కాదు పాపా, జాగర్తగా ఉండు అని. పోనీలే. బాధపడబాక."

బాధపడబాక అని నన్నే ఓదార్చింది. నేను సరే వదినా అన్నాను. డబ్బాలో పురుగు కరకర ఆకు నములుతూనే ఉంది, ఆ చప్పుడు ఫోనులో వినపడుతుందేమోనని డబ్బాను వంటింట్లోకి తీసుకుపోయి పెట్టాను.

అక్కడితో ఆగి ఉంటే చిన్న తప్పే. కానీ పురుగు బతికి ఉంది. బతికి ఉన్న పురుగుకు ఆకలేస్తుంది. రోజూ స్కూటరు వేసుకుని గుంపెన ఆకు కోసం తిరిగాను. తింటూ తింటూ నా చూపుడువేలంత లావైంది, ఆకులు దగ్గరికి లాక్కుని గూడు కట్టుకుంది. నెల పైన అయ్యాక ఒక పొద్దున గూట్లోంచి బయటికి వచ్చింది. ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పలేదు, మా ఆయన్ను కూడా లేపలేదు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "రెండూ ఒకటే జాతి. చర్మం మార్చుకున్నప్పుడు రంగు మారుతుంది. నాకు దొరికిన ఇంకో పురుగును పెంచి తెలుసుకున్నాను" అని రాశాను. ఇంకో పురుగు! ఎక్కడిదీ ఇంకో పురుగు? చప్పట్ల బొమ్మలు వరుసగా వచ్చాయి. మా గ్రూపు పురుగుల జాబితాలో గుర్తించినవారి పేరు దగ్గర మాస్టారు నా పేరు రాశారు. నాలుగు బడుల వాళ్లు పిలిచి పిల్లలకు చెప్పమన్నారు. పురుగుల టీచరమ్మ అని నాకొక బిరుదు కూడా వచ్చింది.

మా అన్న ద్వారా ఈ వైభవమంతా వదినకు తెలిసింది. దొరికిపోయాననుకున్నాను. ఆమె పరుగెత్తుకుని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నేను సెప్పలా, రెండూ ఒకటేనని! నా చేతిలో పోయింది, నీ చేతిలో నిలిచింది. నీ చెయ్యి మంచిది మే" అంది. ఆమె మొహంలో అసూయ ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది! వెతికినా దొరకలేదు.

అప్పటినుంచి మొదలైంది నా చేతి దశ. బీర గింజలు పెట్టాలంటే వదిన ఆటో పంపించేది. దరిద్రం ఏమిటంటే, నేను పెట్టిన ప్రతి గింజా మొలిచేది. ఒక్కటైనా కుళ్లిపోతే బాగుండునని మొక్కుకున్నాను. ఆ ఏడు బీరకాయలు తినలేక ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. ఆవకాయ జాడీలో మొదటి ముక్క నా చేత్తోనే, ఒక్క జాడీ బూజు పట్టలేదు. పేరు పెరిగిపోయింది. మా పిన్నమ్మ కూతురు కొత్త కుట్టుమిషను కూడా నా చేతే మొదలుపెట్టించింది. నాకు దారం ఎక్కించడం రాదు.

వదిన మాత్రం ఆదివారాలు రావడం మానేసింది. మోకాళ్ల నొప్పులంది. నమ్మినట్టు నటించాను. ఆమె లేని ఆదివారాల్లో మాకు రెండు పురుగులు దొరికితే గొప్ప. నేల చూసి నడిచేవాళ్లు లేరు మరి. ఆ ఏడేళ్లలో నిజం చెప్పే సందర్భాలు ఎన్నొచ్చాయో లెక్కలేదు. ప్రతిసారీ ఏదో ఒక కారణం. పండగ పూట ఎందుకు, ఆమెకు ఒంట్లో బాగాలేనప్పుడు ఎందుకు, ఇంత సంతోషంగా ఉన్నప్పుడు ఎందుకు. పురుగే కదా, మనిషి కాదు కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. చిత్తూరు దారిలో కాణిపాకం పోయే మలుపు వచ్చిందంటే మాత్రం బ్యాగులో ఏదో పోయినట్టు వెతుక్కునేదాన్ని. ప్రమాణాల దేవుడాయన. ఆయన వైపు చూడకపోతే ఆయనా నా వైపు చూడడని నా తెలివి.

పోయిన నెల పలమనేరునుంచి పిలుపు వచ్చింది. వదిన వాళ్లమ్మ, నేను అత్తా అంటాను, రెండు పంటలు వరుసగా దెబ్బతిని ఈసారి పాకకు కొత్త కప్పు వేయించి గుడ్లు తెప్పించింది. ఈ పంట కూడా పోతే పాక అమ్మేసి పురుగుల పని మానేస్తానంది. పిల్ల పురుగులకు మొదటి మేత నా చేత్తో వెయ్యాలట. వదినే పట్టుబట్టిందట.

ఈ నెల మొదటి ఆదివారం పొద్దున నేనూ వదినా పోయాం. కాళ్లు చేతులు కడుక్కుని పాకలోకి అడుగు పెట్టాను. తట్టల్లో చీమల్లాంటి పిల్లలు వేలకు వేలు. అత్త సన్నగా తరిగిన మల్బరీ ఆకును నా చేతికిచ్చింది. వదిన ఏదని వెనక్కి తిరిగాను. గడప బయట నిలబడి ఉంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెడ సాచి లోపలికి చూస్తోంది.

"రా వదినా" అన్నాను.

"నేను రాను మే. ఏడేండ్లాయె నేను పాకలోకి రాక. ఆకు గూడా ముట్టను. ఈళ్లకు ఇంకో దెబ్బ తగిలితే తట్టుకోలేరు" అంది, నవ్వుతూనే.

పుట్టినింట్లో, తాను పాకుతూ పెరిగిన పాక ముందు, బయట. ఏడేళ్లు. మోకాళ్ల నొప్పులని నేను నమ్మినట్టు నటించిన ఏడేళ్లూ. నా చేతిలో ఆకు చెమటకు తడిసిపోయింది. పురుగులకు తడి ఆకు పనికిరాదని అత్త దాన్ని పారేసి ఇంకో పిడికెడు ఇచ్చింది. ఎలా చల్లానో నాకు తెలియదు.

మధ్యాహ్నం తిరుగు బస్సు. వదిన కిటికీ పక్కన, ఒళ్లో ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం, కాళ్ల దగ్గర పుట్టింటివాళ్లు ఇచ్చిన సంచి. చిత్తూరు దాటింది. కాణిపాకం మలుపు దగ్గర ఆమె రెండు చేతులూ జోడించి, "ఈ పంట నిలబెట్టు స్వామీ. మా ఆడబిడ్డ చెయ్యి పడింది గదా, నిలస్తాదిలే" అని కళ్లు మూసుకుంది. బ్యాగు నా చేతుల్లోనే ఉంది. ఈసారి జిప్పు తీయలేకపోయాను.

"వదినా, ఆ పురుగు సావలేదు."

ఏ పురుగని ఆమె అడగలేదు. కళ్లు తెరిచి, "గుంపెన మానుదా?" అంది.

అంటే ఏడేళ్లూ ఆమెకూ అదే గుర్తుంది. చెప్పాను. ఒక్కటీ దాచలేదు. గ్రూపులో రాసిన మాత్ర సంగతి, థర్మామీటరు, వంటింట్లో దాచిన డబ్బా, లేని ఇంకో పురుగు, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ముందు సీటాయన తిరిగి చూశాడు. వదిన ఏడవలేదు, అరవలేదు. శనక్కాయల పొట్లం మడిచి పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. రెక్కలొచ్చినదాని ఫోటో ఏడేళ్లలో ఒక్కసారీ నేను ఆమెకు చూపించలేదు. అదే అడిగింది.

"రెక్కలొచ్చినాక ఎట్లుండింది?"

"లేత చిలకపచ్చ వదినా. అరచెయ్యి కన్నా పెద్దది. వెనక రెండు పొడుగు తోకలు, మెలితిరిగి. అంత అందమైనదాన్ని నా జన్మలో చూడలా."

"గూడు కట్టుకునిందా? పట్టుతో?"

"కట్టుకునింది."

"మన పట్టుపురుగు చుట్టమే" అంది తనలో తాను. "అంటే జ్వరాలన్నీ దాటిందన్నమాట."

"అన్నీ దాటింది."

"నా చేత్తో తెచ్చిందే."

"నీ చేత్తో తెచ్చిందే వదినా."

పూతలపట్టులో బస్సు ఆగింది. వదిన లేచి నిలబడింది. నా మోకాళ్లు దాటుకుని దారిలోకి వచ్చి, "ఆ సంచి మీ అన్నకియ్యి. నాలుగు జ్వరాలూ అయినాక వస్తానని సెప్పు" అని దిగిపోయింది. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి పిలిచాను. ఆమె రోడ్డు దాటుతోంది. మోకాళ్ల నొప్పుల మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చిత్తూరు పోయే బస్సు కోసం పరుగు తీస్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. ఎవరూ నవ్వలేదు. మాస్టారు నా పేరు కొట్టేసి వదిన పేరు రాశారు, "ఆమెను ఒక ఆదివారం పిలుచుకొని రామ్మా" అన్నారు. వస్తుందో రాదో నాకు తెలియదు. నన్ను క్షమించిందో లేదో కూడా తెలియదు. అడగలేదు. ఏడేళ్లు ఆమెను గడప బయట నిలబెట్టినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను?

అన్న రోజూ మా ఇంట్లోనే భోంచేస్తున్నాడు. నా సాంబారుకు రోజూ ఒక వంక. నిన్న తింటూ తింటూ, "మీ వదిన ఫోన్ చేసింది మే. రెండో జ్వరం దాటినాయంట, ఒక్కటి గూడా పోలేదంట. మేత తానే వేస్తా ఉండాదంట, పాక వదిలి రాదంట. బస్సులో మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారసలు?" అన్నాడు.

"నన్ను అడిగిందా?"

"లేదే" అన్నాడు.

అన్నకు పెరుగు వడ్డించి నేనూ కూర్చున్నాను. అడగకపోయినా నిన్న రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.